దంతవైద్య విద్యార్థి – చేతి శుభ్రత

2020 మార్చిలో దేశమంతటా రాకపోకలు స్తంభించినపుడు దంతవైద్యశాలలు చాలవరకు అత్యవసర చికిత్సలకే పరిమితమైనాయి. కారణం స్పష్టమే. రోగి నోటికి మూరెడు దూరమైనా లేకుండా ముఖముంచి చేయవలసిన పని అది. పన్ను తొలిచే యంత్రం తిరిగినంతసేపూ లాలాజలం సూక్ష్మమైన తుంపరలై గాలిలో తేలుతుంది.

ఆటోక్లేవులో పరికరాలను 121 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, 15 పౌండ్ల ఒత్తిడిలో, 15 నిమిషాలు ఉంచాలని విద్యార్థులు పరీక్షలో తడుముకోకుండా వ్రాయగలరు. మా సందేహం వారి జ్ఞానాన్ని గురించి కాదు. చేతొడుగులతోనే ఫోను తాకినపుడు, మాస్కును గడ్డం క్రిందికి జార్చినపుడు ఆ జ్ఞానం ఎక్కడికి పోతున్నదన్నదే. దినమునకు అయిదుసార్లు నమాజుకు ముందు వజూ చేసేవారికి, శుభ్రత చేతికి అలవాటు కావలసినదేనని వేరే చెప్పనక్కరలేదు. కరోనాకు ముందు కూడా హెపటైటిస్ బి ఉండినది, నేడూ ఉన్నది.

కర్లపాలెం నుండి పంటినొప్పితో బాపట్ల బస్సెక్కే కూలితల్లి, తన నోట పెట్టే పరికరం ఎట్లా శుద్ధి అయిందని అడగదు. ఆ ప్రశ్న పరీక్షకులే అడగాలి. మార్కులు కాగితం మీద కాక, రోగి కుర్చీ ప్రక్కన నిలిచి వేయాలి. దంతవైద్యంలో చేరగోరే మన విద్యార్థుల కోసం ఒక దంతవైద్యుని పిలిపించి, ఉపన్యాసం కాక, చేతులు కడిగే పద్ధతిని ప్రత్యక్షంగా చూపించవలసినదిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాము.