ఊడ్చిన గంటకే మళ్లీ దుమ్మా?

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, స్నానం చేసి వచ్చేసరికి టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల వైపు ఇల్లాళ్ల ఫిర్యాదు ఇది. 'మా ఊరి సంగతే అంత' అని సరిపెట్టుకునేవారే ఎక్కువ. కానీ దుమ్ములన్నీ ఒకటి కావు. ఏది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెడితే చాలావరకు గడప దగ్గరే ఆపొచ్చు.

పల్నాడు నేల కింద ఉన్నది సున్నపురాయి. మాచర్లలో 1958లో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చినా, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు వెలిసినా ఆ రాయి చలవే. బట్టీలో రాయిని సుమారు 900 డిగ్రీల వేడికి కాలిస్తే సున్నం తయారవుతుంది. మామూలు రాతిపొడి కన్నా ఈ కాల్చిన సున్నం ఘాటైనది. చెమట తగిలినా చురుక్కుమంటుంది. కంట్లో పడితే నలపకూడదు. ధారగా నీళ్లు పోస్తూ చాలాసేపు కడిగి, వెంటనే డాక్టరుకు చూపించాలి.

బట్టీలో, క్వారీలో, ముగ్గు మిల్లులో పనిచేసేవారు ఉన్న ఇంట్లో దుమ్ము గాలికన్నా బట్టల మీదే ఎక్కువగా లోపలికి వస్తుంది. పని నుంచి రాగానే నాన్న ఒళ్లో ఎక్కే పసివాడు పీల్చేదీ అదే. చొక్కా వసారాలో దులపకండి. పెరట్లోనే విప్పి, విడిగా నానబెట్టి ఉతకండి. స్నానమయ్యాకే పిల్లల్ని ఎత్తుకోవడం మేలు.

ఇక రెండోది మన చేజేతులా తెచ్చుకునేది. ధర వస్తుందని పత్తిని ముందుగదిలో పైకప్పు దాకా పోసుకునే ఇళ్లు పల్నాడులో కొత్త కాదు. మిర్చి టిక్కీలూ అంతే. పత్తి నూగు, మిరప ఘాటు ఫ్యాను గాలికి ఇల్లంతా తిరుగుతాయి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లు ఆ నాలుగు నెలలూ రాత్రిళ్లు దగ్గుతూ కూర్చోవడానికి కారణం చలిగాలి ఒక్కటే కాకపోవచ్చు. వేరే చోటు లేకపోతే కనీసం పడకగదిలో పెట్టకండి. మధ్య తలుపు మూసి, కింద సందుకు పాతచీర మడిచి పెట్టండి.

మూడోది కంటికి కనిపించనిది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే సూక్ష్మమైన పురుగులు పరుపుల్లో, దిండ్లలో ఉంటాయి. వాటికి తేమంటే ఇష్టం. రెంటచింతల ఎండల్లో ఇవి బతకవనుకుంటాం. కిటికీలు బిగించి రాత్రంతా కూలరు వేస్తే గదిలో వాటికి కావలసిన తేమ మనమే అందిస్తున్నట్టు! కూలరు వేసినప్పుడు ఎదుటి కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. గడ్డి పలకల్లో చేరిన మట్టిని తరచూ కడగాలి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకండి. అమ్మమ్మలు పరుపుల్ని డాబా మీద ఎండేసింది ఊరికే కాదు.

శుభ్రం చేసే తీరులోనూ పొరపాట్లున్నాయి. ముందు నేల ఊడ్చి, తర్వాత బూజు దులిపితే పని రెండింతలు. పైనుంచి కిందికి రావాలి. ఫ్యాను రెక్కకు పాత దిండు గలేబు తొడిగి లాగితే దుమ్మంతా సంచిలోనే పడుతుంది. పొడి చీపురుతో గబగబా ఊడిస్తే బరువైన మట్టి చేటలోకి వస్తుంది, సన్నటి పొడి లేచి గాల్లో తేలుతుంది. ఊపిరితిత్తుల లోతుకు చేరేది ఆ సన్నటిదే. ఫ్యాను ఆపి, చీపురును నేలకు ఆనించి నెమ్మదిగా ఊడ్చి, ఆపైన తడిగుడ్డ పెట్టాలి. ఆరాక తెల్లచారలు కనిపిస్తే బకెట్లో నీళ్లు మార్చలేదనో, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువనో అర్థం. ఆ చారలు పోవడానికి కొందరు నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ వాడతారు. నాపరాళ్ల మీద మాత్రం ఆ ప్రయోగం వద్దు. అవీ సున్నపురాయి జాతివే కనుక పులుపు తగిలితే పైపొర తినేసి గరుకు తేలుతుంది. గరుకు నేల మరింత దుమ్ము పడుతుంది.

వాకిట్లో కళ్లాపి చల్లే అలవాటు తగ్గింది. సిమెంటు చేసిన ముంగిట అవసరం లేకపోవచ్చు గానీ, మట్టిరోడ్డు పక్కనున్న ఇంటి ముందు పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరిస్తే తేడా తెలుస్తుంది. రోడ్డు వైపు కిటికీలను లారీల రద్దీ, వడగాడ్పు వేళల్లో మూసి, గాలి నిలిచాక తెరవండి. దోమతెరను నెలకోసారైనా కడగండి, మట్టి పట్టిన తెర గాలిని ఆపి దుమ్మును రాల్చుతుంది. గుమ్మానికి బయట ఒకటి, లోపల ఒకటి పట్టాలు వేయండి. వాటిని దులిపేది మాత్రం పక్కింటి వాళ్ల బట్టలు ఆరేసిన వైపు కాదు సుమా!