అవును, కత్తులు నూరుతున్నాను

మనం ఏది రాసినా "ఆడవాళ్లు కత్తులు నూరుతున్నారు" అంటారు. సరే. మన వంటింట్లో కత్తిని చివరిసారి ఎప్పుడు నూరామో ఎవరైనా చెప్పగలరా?

మా ఇంట్లో గడ్డం గీసుకునే బ్లేడు పదును తగ్గిన మర్నాడే మారిపోతుంది. అదే ఇంట్లో కూరగాయల కత్తి పదకొండేళ్లు సాన ముఖం చూడలేదు. కిందటేడు గుమ్మడికాయ మీంచి అది జారి నా ఎడమ బొటనవేలు తెగింది. నాలుగు కుట్లు. కుట్లు వేసినాయన "జాగ్రత్తగా కోసుకోవాలమ్మా" అన్నాడు. అత్తగారు "పరధ్యానం, ఆ పుస్తకాల గొడవే" అన్నారు. కత్తి మొద్దుబారిందని ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు. నాకు ఎక్కువ సిగ్గు అదే.

పదును కత్తి ఆడవాళ్లకి ప్రమాదమట! పదునున్నది పెట్టినచోటే దిగుతుంది. మొద్దుదాన్ని బలంకొద్దీ అదమాలి. అదిమినది జారితే ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. ఏళ్ల తరబడి అలా అదిమిన మణికట్టు నొప్పికి మాత్రం "వయసు" అని పేరు పెడతారు.

సైకిలు మీద సానచక్రం తిప్పే మనిషి మా వీధికి వచ్చేవాడు, నేను ఆఫీసులో ఉండే వేళకి. 'మహిళలకు సులువు' అని అమ్మే పనిముట్టు కూడా కొన్నాను. దాని గాడిలో కత్తిని లాగితే చాలు. సులువే, కాదనను. కానీ అది ఉక్కుని గీరేస్తుంది, కొన్నాళ్లకి అంచు ఎగుడుదిగుడవుతుంది. మా అమ్మమ్మ బావిగట్టు రాతి మీద నూరుకునేది, ఎవరినీ బతిమాలకుండా. మనకి చదువొచ్చింది, ఆ విద్య పోయింది.

చివరికి నేను ఎంచుకున్నది ఇనుప సామాన్ల కొట్లో దొరికే కార్బొరండం రాయి. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. కింద తడిబట్ట పరిస్తే కదలదు. చిన్న కత్తికైతే వెన్ను మూడు నాలుగు రూపాయి నాణేల దొంతరంత ఎత్తులో ఉంచి, ఆ వాలు మారకుండా ముందు గరుకు వైపు రాయాలి. అవతలి పక్క అంచు పొడవునా వేలికి సన్నటి గరుకు తగిలితే (వేలిని వెన్ను నుంచి అంచు వైపే జరపాలి, అంచు వెంట కాదు) తిప్పి రెండో పక్క. తర్వాత నునుపు వైపు, తేలిగ్గా. పావుగంట పని. రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని అంచు కూడా పనికొస్తుంది. టమాటా మీద కత్తి ఆనిస్తే చాలు, దిగిపోయింది. నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. పదకొండేళ్లు!

"విమల 'వంటిల్లు' చదివి పెరిగినవాళ్లం. ఇప్పుడు మన నెత్తిన ఇంకో చాకిరీయా?" అంది ఓ రచయిత్రి మిత్రురాలు. న్యాయమైన ప్రశ్నే. కానీ వంటిల్లు కూలేదాకా మొద్దు కత్తితోనే కోయాలని ఏ సిద్ధాంతం చెప్పింది? ఇక నూరడం నా ఒక్కదాని పనని నేననలేదే! తినేవాళ్లందరికీ వంతులు వేశాను. ఈ ఆదివారం మా అబ్బాయిది. రాయి నీళ్లలో నానుతోంది, వాడింకా లేవలేదు.