వోల్టేజీలో హిందోళం

బొంబాయి సినిమా స్టూడియోల్లో గిటార్ వాయించుకునే చరణ్‌జిత్ సింగ్ 1982లో ఒక విచిత్రమైన రికార్డు చేశారు. పేరు ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’. భైరవి, లలిత్, తోడి, యమన్, మాల్కౌంస్... మొత్తం పది హిందుస్తానీ రాగాలు. తబలా లేదు, సారంగి లేదు. ఉన్నవి మూడే యంత్రాలు, మూడూ జపాన్ కంపెనీ రోలాండ్‌వి. టీఆర్-808 తాళం వేస్తుంది, టీబీ-303 బేస్ చూసుకుంటుంది. రాగం పలికించే భారం మాత్రం జూపిటర్-8ది. రాగాల పేర్లు చూసి డిస్కో కుర్రకారు, డిస్కో పేరు చూసి సంగీతప్రియులు పక్కకు తప్పుకున్నారు కాబోలు, రికార్డు అమ్ముడుపోలేదు.

జూపిటర్-8 మార్కెట్లోకి వచ్చింది 1981లో. ఇలాంటి అనలాగ్ సింథసైజర్‌లో ముందే రికార్డు చేసిన ధ్వని ఏదీ ఉండదు. మెట్టు నొక్కితే దానికి తగిన వోల్టేజీ ఆసిలేటర్‌కు చేరి స్వరం పుడుతుంది, ఫిల్టర్ ఆ స్వరంలోని గరుకును చెక్కుతుంది. తొలితరం మూగ్‌లు ఒకసారికి ఒక్క స్వరమే పలికేవి. నాలుగు స్వరాలు కలిపి వాయించాలంటే నాలుగు వేర్వేరు సర్క్యూట్లు కావాలి మరి. జూపిటర్‌లో అవి ఎనిమిది, ఒక్కోదానికి రెండేసి ఆసిలేటర్లు. మెట్లు 61 ఉన్నా, ఒకేసారి మోగేవి ఎనిమిది స్వరాలే.

ఆ ఎనిమిదీ కవలలు కావు. విడిభాగాల్లో స్వల్ప తేడాలుంటాయి, వేడెక్కితే శ్రుతి కాస్త జరుగుతుంది. పదహారు ఆసిలేటర్లూ అచ్చంగా ఒక్క మాట మీద ఉండటమనేది జరగదు. భజన బృందంలో పదిమంది గొంతు కలిపినప్పుడు వచ్చే నిండుదనం కూడా ఇలాంటిదే. ఇంజనీరుకు అది లోపం, చెవికి మాత్రం అదే రుచి.

మన సంగీతానికి ఇంకా పనికొచ్చేది పోర్టమెంటో, అంటే స్వరం నుంచి స్వరానికి జారే సదుపాయం. గమకం పలకదన్న అభియోగం మీదే హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో వెలివేసింది. సింగ్ చేతిలో మాల్కౌంస్ (తెలుగువారి హిందోళం) ఒక మెట్ల వాద్యం మీద జారుతూ, తేలుతూ వినిపిస్తుంది. అలాగని జూపిటర్ వీణ అయిపోదు. ఎంత వేగంగా జారాలో నిర్ణయించేది నాబ్, వేలు కాదు.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. డిజిటల్, చవక, శ్రుతి చెదరదు, పైగా 16 స్వరాలు. 1980ల మధ్యకల్లా జూపిటర్-8 తయారీ ఆగిపోయింది. అటు షికాగోలో ఫ్యూచర్ బృందం 1987లో టీబీ-303తో ‘యాసిడ్ ట్రాక్స్’ చేసి, యాసిడ్ హౌస్ అనే కొత్త బాణీకి ఆద్యులమనిపించుకుంది. అందుకే 2010లో సింగ్ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు పాశ్చాత్య శ్రోతలు నోరెళ్లబెట్టారు. ఎవరో ఆకతాయి కొత్తగా చేసి పాత తేదీ వేశాడని అనుమానించినవారూ ఉన్నారు. ఏడుపదుల వయసులో ఆయన యూరప్ వేదికలెక్కాల్సి వచ్చింది.

2015 జులైలో సింగ్ కన్నుమూశారు. అదే ఏడాది రోలాండ్ సంస్థ జూపిటర్-8కు చేతిసంచిలో పట్టే డిజిటల్ నకలు తెచ్చింది. అందులో స్వరాలు నాలుగే.