వాదా కచ్చాగుంటే పరేషానీ ఎవరికి?

ఇంట్లో షాదీ ఉందనుకోండి. మెహమాన్ల ఫెహ్రిస్త్ అమ్మీ దగ్గర ఒకటి, దాని నకలు ఖాలా దగ్గర ఒకటి. అమ్మీ పొద్దున రాసిన పేరు ఖాలా కాగితంలోకి సాయంత్రానికి గానీ ఎక్కదు. ఈలోపు రుఖ్ఖాలు పంచే పిలగాడు ఖాలాను అడిగి బయల్దేరితే ఒక ఇల్లు తప్పిపోతుంది. గలతీ పిలగాడిదా?

2006లో మొదలైన అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ గోదాము చాలా ఏళ్లు ఇట్లాగే నడిచింది. పాత ఫైలు మీద కొత్తది రాస్తే కాసేపు పాతదే కనిపించొచ్చు. ఇప్పుడే పెట్టిన ఫైలు ఫెహ్రిస్త్‌లో రాకపోవచ్చు. ఆఖరికి అన్ని నకళ్లూ ఒకటవుతాయి, అప్పటిదాకా సబర్ చేయాలి. ఎంతసేపనేది మాత్రం వాదాలో లేదు.

సబర్ మనుషులు చేస్తారు, ప్రోగ్రాములు చేయవు. పది ఫైళ్లలో తొమ్మిదే కనిపిస్తే తొమ్మిదింటికే హిసాబ్ తేల్చేస్తాయి. ఎర్రర్ కూడా రాదు. అందుకే నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఎస్3ఎంపర్, హడూప్ వాళ్లు ఎస్3గార్డ్ కట్టుకున్నారు. ఏ ఫైళ్లు ఉండాలో విడిగా డైనమోడీబీలో రాసిపెట్టుకోవడమే వాటి పని. దానికో ఖర్చు, దానికో కాపలా.

2020 డిసెంబరులో ఎస్3 వాదా పక్కా అయింది. రాయడం పూర్తయ్యాక ఎవరు చదివినా, ఫెహ్రిస్త్ అడిగినా తాజాదే. ఎస్3గార్డ్ బేకార్ అయింది.

కిస్సా అక్కడితో ఖతం కాలేదు. ఇద్దరు ఒకే పేరుతో ఒకేసారి రాస్తే ఒకరి రాత ఇంకొకరిది చెరిపేసేది. డెల్టా లేక్ లాంటివాటికి 'ఈ పేరుతో ఫైలు లేకుంటేనే రాయి' అనే షరతు జరూరీ. ఆ షరతు ఎస్3లోకి 2024 ఆగస్టులో వచ్చింది. అప్పటిదాకా పలుచోట్ల నుంచి ఒకేసారి రాయాలంటే డైనమోడీబీ లాంటి సహారా వెతుక్కోవాల్సిందే.

అంత పెద్ద గోదాముకు పక్కా వాదా ముష్కిల్ కదా అంటారు. ముష్కిలే, కానీ నాముమ్కిన్ కాదు. అజ్యూర్ స్టోరేజ్ అట్లాంటి వాదాతోనే నడుస్తోందని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2011లోనే పేపర్ రాశారు.

నా రాయ్ ఒక్కటే. కింద ఒకరు వదిలేసిన పని పైన వేలమంది నెత్తిన పడుతుంది. అందరూ తలా ఒక ఊతకర్ర చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ చేస్తున్న మన పిల్లలకు చెప్పేది ఇదే: గోదాము కిరాయి చూసేముందు దాని వాదా చదవండి. రాసింది వెంటనే కనిపిస్తుందా? ఇద్దరు రాస్తే ఏమవుతుంది? ఈ రెండు సవాళ్లకు జవాబు దొరికాకే ఇల్లు కట్టండి. లేకుంటే రేపు రుఖ్ఖా అందలేదని రూఠే చుట్టానికి జవాబు చెప్పాల్సింది ఆ పిలగాడే.