వంటింటి మాట



మా సతీమణి కోడిగుడ్లమ్మి కూడబెట్టిన డబ్బుతో, విడపనకల్లులోని మా వంటింటికి విడిభాగాలుగా వచ్చే అల్మారాలు తెప్పించాము. టేపుతో గోడ కొలిచి మరలు బిగించాము. "మనది నీళ్లు పోసి కడిగే వంటిల్లు గదా, అడుగున చెక్క నిలుస్తుందా?" అని ఆమె అడిగితే నవ్వేశాము.

ఆరు నెలలకే అడుగు ఉబ్బింది. చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలక అది. తడి తగిలి ఉబ్బితే, ఆరినా మునుపటిలా కాదు.

ఇప్పుడు కింద తాడిపత్రి బండలతో అరలు కట్టించి, మంచిగా ఉన్న పెట్టెలను పైన గోడకు బిగించాము. మీరు కొనేటప్పుడు తడి తగిలే చోటికి ఐ.ఎస్. 710 ముద్రగల ప్లైవుడ్ అడగండి. అంతకు ముందు, రోజూ ఆ పొయ్యి దగ్గర నిలిచేవారిని అడగండి.

మేము ఆలస్యంగా, క్షమాపణతో అడిగాము. మీ ఇంట ఆ అవసరం రాకుండును గాక.