ఐసు లేదు సరే, గచ్చు కూడా లేదా?

2030లో ఫ్రెంచ్ ఆల్ప్స్ లో వింటర్ ఒలింపిక్స్ జరుగుతాయి. ఫిగర్ స్కేటింగ్ ని టీవీలో చూసి మనమంతా "అబ్బ, ఎలా తిరుగుతున్నారో!" అనుకుంటాం. ఎవరో ఒకరు "మనవాళ్ళు ఒక్కరూ లేరేంటి?" అంటారు. ఇంకొకరు "మన ఎండలకి ఐసు స్కేటింగా!" అని నవ్వేస్తారు. చర్చ సమాప్తం.

నా గొడవ ఆ నవ్వుతోనే. ఫిగర్ స్కేటింగ్ చక్రాల మీద కూడా ఉందండీ. ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ అంటారు. అవే ఆక్సెల్, లుట్జ్ గెంతులు, అవే స్పిన్నులు, పాటకి తగ్గ అడుగులు. ఐసు షూకి ముందు పళ్ళుంటాయి, దీనికి రబ్బరు స్టాపరుంటుంది. పైగా ఈ నాలుగు చక్రాల షూ బరువెక్కువ. దాన్ని కాళ్ళకి కట్టుకుని గాల్లో రెండు చుట్లు తిరగడం ఏమంత తేలిక?

ఇందులో మన హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఏషియన్ గేమ్స్ లో రెండు కంచు పతకాలు తెచ్చాడు. ఒకటి ఒంటరిగా, ఇంకోటి అవనీ పంచాల్ తో జంటగా. 2015లో అర్జున అవార్డు కూడా ఇచ్చారు. మీ ఆఫీసులో పదిమందిని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో. (క్రికెట్ లో పన్నెండో ఆటగాడి పేరు మాత్రం టకీమని చెప్తారు.)

ఆ తర్వాత ఏమైంది? 2018 జకార్తాలో, 2023 హాంగ్జౌలో రోలర్ స్కేటింగ్ ఉంది గానీ ఆర్టిస్టిక్ లేదు. డెమోలో చూపించి రిలీజులో పీకేసిన ఫీచర్ లాగా అన్నమాట. హాంగ్జౌ స్పీడు రిలేల్లో మనకి రెండు కంచులొచ్చాయి, సంతోషమే. కానీ ఎనిమిదేళ్ళ పిల్లకి షూ కొనే తండ్రి ఏ లెక్క వేసుకుంటాడో వేరే చెప్పాలా?

"చక్రాల మీద నేర్చుకుని ఏం లాభం?" అనేవాళ్ళకి ఒక్క పేరు చెప్తా. తారా లిపిన్‌స్కీ. అమెరికా అమ్మాయి. మొదలుపెట్టింది చక్రాల మీదే. తర్వాత ఐసుకి మారి 1998 నాగానోలో పదిహేనేళ్ళకే ఒలింపిక్ బంగారం కొట్టింది.

అలాగని సికింద్రాబాదులో ఐసు రింకు కట్టమని నేను అడగను. డెహ్రాడూన్ లో 2011 సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్ కోసం కట్టిన పెద్ద రింకు ఏళ్ళ తరబడి మూతపడి, 2025లో గానీ మళ్ళీ తెరుచుకోలేదు. ఐసుని ఐసుగా ఉంచాలంటే కరెంటు బిల్లు కట్టాలి మరి, మన మే నెలలో ఇంకానూ!

రోలర్ కి కావలసింది నున్నటి గచ్చు, పైన కప్పు. అంతే. స్పీడు వాళ్ళు పొద్దున్నే నెక్లెస్ రోడ్డు మీద సర్దుకోగలరు. ఫిగర్ వాళ్ళకి కుదరదు, స్పిన్ లో ఉన్న పిల్లని పడెయ్యడానికి చిన్న రాయి ముక్క చాలు. మన ఊళ్ళో గల్లీకో ఫంక్షన్ హాలుంది. మూఢం వస్తే నెలల తరబడి ఖాళీయే. మార్బుల్ మరీ జారుతుందంటారా? దానికి మెత్తటి చక్రాలు దొరుకుతాయి. ఆ నెలల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, కరెంటు ఖర్చుకి ఇచ్చే హాలు ఓనరు ఒక్కరున్నా చాలు. మీకెవరైనా తెలిస్తే అడిగి చూడండి.