ఆటల పీరియడ్‌ను ఆటలకే ఉంచండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

మా పిల్లల టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంటుంది. పరీక్షలు దగ్గరపడగానే అది లెక్కలకో, సైన్సుకో పోతుంది. పోయేది ఆట ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఖోఖోలో వరుసలో కూర్చున్న పిల్ల వెనక నుంచి ‘ఖో’ అని వినబడేదాకా లేవకూడదు. కాళ్లు ఆగకపోయినా ఆగాలి. అష్టాచమ్మాలో పండబోతున్న కాయను పక్కవాడు చంపేస్తే, ఏడుపు దిగమింగుకుని తన వంతు కోసం చూడాలి. ఓర్పు, ఓటమిని తట్టుకోవడం, తొండి చేసినవాడితో తగువు తీర్చుకుని మళ్లీ కలిసి ఆడటం పాఠం చెబితే వచ్చేవి కావు. అవి అలవడని పిల్లలకు నాలుగు మార్కులు తగ్గినా పెద్ద దెబ్బే.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, తరగతులకు ఆటవస్తువులు ఉండాలంటోంది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లోనే నర్సరీ నుంచి 8వ తరగతి దాకా కథలు, కృత్యాలతో పిల్లల మనసును పట్టించుకునే ‘హ్యాపీనెస్ కరికులం’ మొదలుపెట్టారు.

మేం అడిగేవి మూడే. ఆటల పీరియడ్‌ను మరో సబ్జెక్టుకు వాడుకోరాదని ఉత్తర్వు ఇవ్వండి. ఆట అయ్యాక పది నిమిషాలు పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరికి కోపమొచ్చింది, ఎలా సర్దుకున్నారు అని మాట్లాడించేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించండి. దీనికి మార్కులు, రికార్డులు మాత్రం పెట్టకండి.

వచ్చే విద్యాసంవత్సరం టైంటేబుళ్లు వేసేలోపే ఆ ఉత్తర్వు బడులకు చేరాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి, వరంగల్